చలిలో బైకు హ్యాండిల్ మీద చేతులు: ప్రాజెక్టు డైరీ

దశ 0: కొలత

చలిలో బైకు నడిపేటప్పుడు చేతులు వెచ్చగా ఉండేందుకు ఏం కట్టానో, ఎక్కడ చెడిందో, చెడ్డదాన్ని ఎలా మార్చానో ఇక్కడ రాసుకుంటున్నాను. ఎవరైనా అలాగే చేసుకోవచ్చు, లేదా చెడిన చోట్లను దాటి వెళ్లొచ్చు. "వేళ్లు కొంకర్లు పోయాయి" అంటే అందరికీ అర్థమవుతుంది గానీ, దాంతో రెండు ఏర్పాట్లలో ఏది మేలో తేల్చలేం. అందుకే గ్లౌజుల జోలికి వెళ్లకముందే సెన్సర్లు పెట్టాను.

వాడింది డీఎస్18బీ20 అనే చిన్న డిజిటల్ సెన్సరు. –10 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్య అర డిగ్రీ తేడాలో చెబుతుంది. ఇలాంటివి మూడు. ఒకటి ఎడమ చిటికెన వేలి మీద, ఒకటి అరచేతిలో, ఒకటి బయటి గాలికి. జేబులో ఆ రీడింగులు రాసుకునే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, మెమరీ కార్డు.

1. సెన్సరు కాళ్లకు సన్నని వైరు అతికించి, పైన హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ గొట్టం) తొడగాలి. చెమట తగిలితే రీడింగులు పిచ్చిపిచ్చిగా వస్తాయి.
2. వేలి వెనక వైపు, మధ్య కణుపు పక్కన పెట్టి, ఆసుపత్రుల్లో వాడే పేపరు టేపు అంటించాలి. వేలి చుట్టూ తిప్పి బిగించకూడదు. రక్తం ఆడక వేలు నిజంగానే చల్లబడుతుంది, తప్పు గ్లౌజు మీద పడుతుంది.
3. వైరును మణికట్టు లోపలి వైపు నుంచి మోచేతి మీదుగా పైకి తీసుకెళ్లాలి.
4. బయల్దేరేటప్పుడు వేలు 30 డిగ్రీల పైన ఉండాలి. లేకపోతే గదిలో కాసేపు కూర్చుని మొదలుపెట్టాలి.

ప్రతి పరీక్షకూ పద్ధతి ఒకటే. తెల్లవారుజామున, గాలి 5 నుంచి 7 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, గంటకు 60 కి.మీ. వేగంతో 40 నిమిషాలు. చివరి రీడింగే లెక్క. ఎర్రగీత 15 డిగ్రీలు. వేలి చర్మం అంతకంటే చల్లబడితే వేళ్ల పనితనం తగ్గడం మొదలవుతుంది. 8 దగ్గరికొస్తే స్పర్శే మొద్దుబారిపోతుంది, లివర్ మీద వేలుందో లేదో తెలియదు. బ్రేకు వేయాల్సిన చేతికి 15 దాటి కిందికి దిగే హక్కు లేదని నిర్ణయించుకున్నాను.

గాలి ఎంత పని చేస్తుందో చూడ్డానికి అమెరికా, కెనడాలు 2001 నుంచి వాడుతున్న విండ్ చిల్ సూత్రంలో అంకెలు వేశాను. 10 డిగ్రీల గాలిలో 60 కి.మీ. వేగానికి ఒంటికి తగిలే చలి 5 డిగ్రీలు. 5 డిగ్రీల్లో అదే వేగానికి –2. వేగం 80కి పెంచితే –3. సున్నా దగ్గర 80కి –10. ఆ సూత్రం ముఖం చర్మం కోసం చేసింది, కాబట్టి చేతికి అచ్చంగా అతకదు. 5 డిగ్రీల గాలి వేలిని 5 కంటే కిందికి దించలేదు కూడా. వేడి ఎంత త్వరగా ఊడ్చుకుపోతుందన్నదే ఆ అంకె చెప్పేది. కానీ ఒకటి గమనించండి. 60 నుంచి 80కి పెరిగితే వచ్చే తేడా ఒక్క డిగ్రీ. నిలబడ్డ బైకుకూ 60కీ మధ్యే అసలు నష్టమంతా ఉంది.

ఖాతా: మందపాటి మామూలు తోలు గ్లౌజులతో చిటికెన వేలు 10.8. బ్యాటరీ మీద అదనపు భారం సున్నా.

దశ 1: గ్లౌజు మీద గ్లౌజు

అందరూ మొదట చేసే పనే ఇది. తోలు గ్లౌజు లోపల రెండు ఉన్ని గ్లౌజులు వేస్తే వేలు 9.9కి దిగింది. ఏమీ వేయనప్పటి కంటే ఘోరం. పిడికిలి బిగించినప్పుడు ఉన్ని నలిగి అందులోని గాలి బయటికి పోతుంది. వెచ్చగా ఉంచేది ఆ గాలే, ఉన్ని కాదు. పైగా బిగుతుకు వేళ్లలో రక్తం సరిగా ఆడదు. వేళ్లను కదిలించే కండరాలు చాలావరకు ముంజేతిలో ఉంటాయి, కాబట్టి వేలు సొంతంగా పుట్టించుకునే వేడి చాలా తక్కువ. రక్తం మోసుకొస్తేనే వేడి.

ఒక సైజు పెద్ద తోలు గ్లౌజు, లోపల ఒకే ఒక పల్చటి ఉన్ని గ్లౌజు వేసినప్పుడు 12.3 వచ్చింది. గ్రిప్పు పట్టుకున్నప్పుడు వేలి కొస దగ్గర కొద్దిగా ఖాళీ మిగలాలి. కొస తోలుకు తగులుతుంటే ఆ సైజు మీది కాదు.

లోపల రబ్బరు సర్జికల్ గ్లౌజు వేసుకునే చిట్కా కూడా చూశాను. గాలి ఆగింది, కానీ అరగంట తిరిగేసరికి లోపల చెమటతో చెయ్యంతా చెమ్మ. ఆగి గ్లౌజు తీసిన మరుక్షణం వేలు దడాలున చల్లబడింది. చేతికి చెమట పట్టనివారికి పనికొస్తుందేమో, నాకు కాదు.

వేడి పుట్టించే పొట్లాలు కూడా అంతే. వాటిలో ఉండేది ఇనుప పొడి. అది తుప్పు పట్టేటప్పుడు వేడి వస్తుంది, తుప్పు పట్టాలంటే ఆక్సిజన్ కావాలి. గాలి చొరబడని గ్లౌజులో పెడితే పొట్లం ఊపిరాడక చల్లారుతుంది, బయటికి తీస్తే మళ్లీ రాజుకుంటుంది. గాలి ఆడే గ్లౌజులో పెడితే పొట్లం బాగానే ఉంటుంది, చెయ్యి ఉండదు.

ఖాతా: 12.3 డిగ్రీలు. కరెంటు సున్నా.

దశ 2: గ్రిప్పుల్లో వేడి

ఎక్కువ సమయం మింగిన దశ ఇది. గ్రిప్పు రబ్బరు కింద చుట్టే వేడి పట్టీలు రెండు తీసుకున్నాను, ఒక్కోటి 10 ఓములు. బండి నడుస్తున్నప్పుడు 13.5 వోల్టులు అనుకుంటే ఒక్కో పట్టీకి 18 వాట్లు, రెండింటికీ 36. మొత్తం 2.7 ఆంపియర్లు.

1. బ్యాటరీ పాజిటివ్ నుంచి వైరు, టెర్మినల్‌కు దగ్గర్లోనే 5 ఆంపియర్ల ఫ్యూజు.
2. ఫ్యూజు నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి) 30వ కాలికి. 87వ కాలి నుంచి స్విచ్చికి, అక్కణ్ణుంచి పట్టీలకు.
3. 86కి వెనక లైటు వైరు నుంచి చిన్న కొమ్మ, 85 ఎర్తుకు. తాళం తీస్తే గ్రిప్పులు వాటంతటవే ఆగిపోతాయి.
4. స్విచ్చి డీపీడీటీ రకం (ఒకే మీటతో రెండు వైర్ల దారిని ఒకేసారి మార్చేది), మధ్యలో ఆఫ్. ఒక వైపు వేస్తే పట్టీలు పారలల్, రెండో వైపు సిరీస్. సిరీస్‌లో 20 ఓములు, 0.68 ఆంపియర్లు, 9 వాట్లు. ఎలక్ట్రానిక్ కంట్రోలరు లేకుండానే ఎక్కువ, తక్కువ రెండూ వచ్చాయి. వానలో తడిసి చెడిపోయే సర్క్యూటు కూడా లేదు.

చెడినవి, వరసగా:

వైరు. పట్టీలతో వచ్చిన సన్న వైరుతో కొలిస్తే గ్రిప్పు దగ్గర 12.8 వోల్టులే ఉన్నాయి. 0.7 వోల్టులు దారిలోనే పోయాయి. వాట్లలో చూస్తే పదో వంతు నష్టం. 1 చదరపు మి.మీ. వైరు వేశాక నష్టం 0.15కి తగ్గింది.

ఎడమ, కుడి తేడా. గాలి లేని చోట పది నిమిషాలు వేడి చేస్తే కుడి గ్రిప్పు పైన 46 డిగ్రీలు, ఎడమ 37. కుడి వైపు పట్టీ ప్లాస్టిక్ యాక్సిలరేటర్ గొట్టం మీద ఉంటుంది. ఎడమ పట్టీ నేరుగా ఇనుప హ్యాండిల్‌ను అంటుకుని ఉంటుంది, సగం వేడిని ఆ ఇనుమే లాగేసుకుంటుంది. పట్టీ విప్పి, హ్యాండిల్ మీద మందపాటి హీట్ ష్రింక్ రెండు పొరలు వేసి, మళ్లీ చుట్టాను. ఎడమ 43కి వచ్చింది. గ్రిప్పు కాస్త లావైంది, క్లచ్ పట్టు ఏమీ మారలేదు.

జిగురు. మామూలు రబ్బరు జిగురు వేడికి మెత్తబడి, కుడి గ్రిప్పు గొట్టం మీద జారడం మొదలైంది. మెలి తిప్పితే గ్రిప్పు తిరుగుతుంది, ఇంజన్ తిరగదు. దాన్ని ఉపేక్షించకూడదు. వేడిని తట్టుకునే రెండు ట్యూబుల ఎపాక్సీ వేసి ఒక రాత్రి వదిలేశాను.

యాక్సిలరేటర్ వైరు. కుడి గ్రిప్పు తిరుగుతుంది కాబట్టి దానితో పాటు వైరూ తిరగాలి. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి యాక్సిలరేటర్ వదిలితే టక్కున వెనక్కి రాలేదు, వైరు స్విచ్ బాక్సు అంచుకు పట్టేసింది. బండి స్టాండు మీద ఉండగానే బయటపడింది కాబట్టి సరిపోయింది. వైరు వచ్చే చోటును కిందికీ ముందుకీ తిప్పి, ఒక చుట్టంత వదులు ఇచ్చాను. ఈ పని చేసేవాళ్లు ఇంజన్ ఆపి హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ, ప్రతి చోటా యాక్సిలరేటర్ వదిలి చూడాలి. రోడ్డెక్కేది ఆ తర్వాతే.

బ్యాటరీ. హెడ్‌లైటు, గ్రిప్పులు రెండూ వేసి నిలబెడితే 12.5 వోల్టులు. అంటే చార్జింగు లేదు, బ్యాటరీ నుంచే పోతోంది. బండి కదిలితే 13.9. కాబట్టి ఎక్కువ వేడి నడిచేటప్పుడే. ఆగిన చోట స్విచ్ సిరీస్‌కు.

ఇంత చేశాక వచ్చిన ఫలితం చూడండి. అరచెయ్యి 29 డిగ్రీలు, చిటికెన వేలి వెనక 12.9. దశ 1 కంటే 0.6 డిగ్రీ ఎక్కువ, దానికి 36 వాట్లు. అరచెయ్యి చుర్రుమంటుంటే వేలి వెనక భాగం గడ్డకడుతోంది. గాలి తగులుతున్న చేతికి వేడి పెట్టడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఖాతా: 12.9 డిగ్రీలు. 2.7 ఆంపియర్లు.

దశ 3: గాలికి అడ్డం

హ్యాండిల్ చివర బిగించే గట్టి ప్లాస్టిక్ హ్యాండ్‌గార్డులు. బిగించడం గంట పని. గ్రిప్పుల వేడి ఆపి పరీక్షించాను: 15.6. ఒక్క వాటు ఖర్చు లేకుండా ఎర్రగీత దాటింది. వేడి వేస్తే 18.1.

అప్పటిదాకా నా ఆలోచనంతా చేతి చుట్టూ తిరిగింది. ఇక్కడి నుంచి హ్యాండిల్ చుట్టూ తిరిగింది. గ్లౌజు ఎంత మందమైతే లివర్ అంత దూరమవుతుంది. హ్యాండిల్ మీద పెట్టిన అడ్డానికి ఆ పేచీ లేదు.

గార్డు బిగించాక లివర్‌ను పూర్తిగా లాగి, ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. క్లచ్ కేబుల్ వంపు గార్డు లోపల నలగకూడదు.

ఖాతా: వేడి లేకుండా 15.6, ఉంటే 18.1. కరెంటు 2.7.

దశ 4: నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి

వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న గ్లౌజులతో ముసురులో వెళ్తే వేళ్లు తడిశాయి. గ్లౌజు కారుతోందని తీర్మానించే ముందు బకెట్ పరీక్ష చేశాను.

1. గ్లౌజును తూచాలి. నాది ఒక్కోటి 155 గ్రాములు.
2. ప్రతి వేలి కొసలో టిష్యూ కాగితం కుక్కాలి.
3. అంచు మునగకుండా చేతి భాగాన్ని పది నిమిషాలు బకెట్లో ముంచాలి.
4. కాగితాలు తీసి చూడాలి, గ్లౌజును మళ్లీ తూచాలి.

కాగితాలు పొడిగా ఉన్నాయి. గ్లౌజు మాత్రం 210 గ్రాములైంది. లోపలి పొర నీటిని ఆపుతోంది, పైబట్ట మాత్రం తాగేస్తోంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

పైబట్ట తాగితే ఏమవుతుందంటారా? చెయ్యి తడవదు, చల్లబడుతుంది. గంటలో 10 గ్రాముల నీరు ఆవిరైతే 24 కిలోజౌళ్ల పైచిలుకు వేడిని తీసుకుపోతుంది. అంటే దాదాపు 7 వాట్లు. ఒక గ్రిప్పు పూర్తి వేడి మీద ఇచ్చేది 18, అందులోనూ చేతికి చేరేది కొంతే. తడిసిన గ్లౌజు గాలిలో ఉందంటే గ్రిప్పు కష్టంలో పెద్ద భాగం దాని కింద పోతున్నట్టే. నీటిని జార్చే స్ప్రే కొడితే 210 కాస్తా 178 అయింది. కొన్ని వానలకు మళ్లీ కొట్టాలి.

మరి వేళ్లు తడిసిందెలా? బండి మీద మామూలుగా కూర్చుని, మోచేతి మీద మగ్గుతో నీళ్లు పోయించుకున్నాను. నా బండి మీద చెయ్యి మోచేతి కంటే కిందికి ఉంటుంది. రెయిన్‌కోటు చేతి మీది నీళ్లన్నీ జారి, పైకి వేసుకున్న గ్లౌజు అంచులోకి గరాటులో పోసినట్టే దిగాయి. గ్లౌజును కోటు చేతి లోపలికి మార్చాను. మగ్గు పరీక్షలో నెగ్గింది, రోడ్డు మీద ఓడింది. కోటు చేతి మూతి ఇప్పుడు ముందుకు తెరుచుకుని ఉంది, 60లో గాలి తుంపరను అందులోకే కొట్టింది. ఈసారి తడిసింది మణికట్టు, అక్కణ్ణుంచి ముంజెయ్యి. మూతికి వెల్క్రో పట్టీ కుట్టి బిగిస్తే చాలావరకు ఆగింది, పూర్తిగా కాదు. హ్యాండిల్ ఎత్తుగా ఉండి చేతులు మోచేతుల కంటే పైకి ఉండే బండ్లకు ఇదంతా తలకిందులు, వాళ్లు గ్లౌజు అంచును కోటు పైకే వేసుకోవాలి.

గ్లౌజు పైన వేసే వంటింటి రబ్బరు గ్లౌజు గురించి అడిగేవారికి: నీళ్లు ఆగుతాయి, తడి లివర్ మీద వేలు కూడా ఆగకుండా జారుతుంది. వద్దు.

ఆరబెట్టడం గురించి ఒక్క మాట. హీటరు మీద పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది, లోపలి పొరను పట్టి ఉంచే జిగురు ఊడి, చెయ్యి తీసినప్పుడల్లా లైనింగు వేళ్లతో పాటు బయటికి వస్తుంది. కాగితాలు కుక్కి, అవి తడిసినప్పుడల్లా మార్చి, ఫ్యాను ముందు పెట్టండి.

ఖాతా: పొడి వాతావరణంలో 18.1. వానలో వేడి వేసినా 14.2. ఎర్రగీత కిందికే.

దశ 5: హ్యాండిల్‌కు సంచీ

గాలీ నీళ్లూ రెండూ దూరేది గ్లౌజుకూ కోటుకూ మధ్య ఉన్న సందులోకే. ఆ సందును, చేతిని, గ్రిప్పును, లివర్‌ను కలిపి కప్పేస్తే? అదే హ్యాండిల్ మఫ్. చూడ్డానికి బండికి బాక్సింగ్ గ్లౌజులు తొడిగినట్టుంటుంది. అందం కోసం చలిని భరించే వయసు దాటింది కాబట్టి కుట్టాను.

1. పాత కాగితాలతో నమూనా. చెయ్యి గ్రిప్పు మీద ఉండగా, లివర్ పూర్తిగా వదిలి ఉండగా కొలవాలి. లివర్ ముందు 40 మి.మీ. ఖాళీ.
2. పైన నీరు పట్టని నైలాన్ బట్ట, లోపల 5 మి.మీ. ఫోము. నీరు పీల్చని రకం ఫోము కావాలి, స్పాంజి పనికిరాదు.
3. కుట్లన్నీ అడుగు వైపుకు. పైన కుట్టు తప్పకపోతే లోపలి నుంచి సీమ్ టేపు.
4. అద్దం కాడకు కంత, దాని చుట్టూ బిగువు రబ్బరు.
5. అడుగున వేలు దూరేంత కంత. నీళ్లు చేరితే పోవాలి.
6. చెయ్యి దూర్చే మూతికి చీల్చిన నీళ్ల పైపు ముక్క అంచుగా. మూతి ఎప్పుడూ తెరుచుకునే ఉండాలి, చెయ్యి ఒక్క కదలికలో లోపలికీ బయటికీ రావాలి.

మొదటి జత ప్రమాదకరం. 70 దాటాక ఇంజన్ అరుస్తోంది, బండి లాగడం లేదు. వెనక వస్తున్న మిత్రుడు నా బ్రేకు లైటు ఆరడం లేదని సైగ చేశాడు. గాలి మెత్తటి మఫ్‌ను వెనక్కి నొక్కి, రెండు లివర్లనూ కాస్త లాగి పట్టుకుంది. క్లచ్ జారుతోంది, ముందు బ్రేకు రాసుకుంటోంది. ఇంటికి 40లో వచ్చాను.

పాత ప్లాస్టిక్ క్యాను పక్కగోడలోంచి 60 మి.మీ. వెడల్పు పట్టీలు కోసి, విల్లులా వంచి, మఫ్ ముందు భాగంలో ఫోముకూ బట్టకూ మధ్య కుట్టాను. చాలలేదు. 80లో ఖాళీ ఇంకా మూతపడుతోంది. చివరికి దశ 3 హ్యాండ్‌గార్డులనే అస్థిపంజరంగా పెట్టి మఫ్‌ను వాటి పైన తొడిగి, రెండు చోట్ల కట్టాను. ఇక కదల్లేదు. పరీక్ష ఎలాగంటే, బ్రేకు లైటు వైరుకు చిన్న ఎల్‌ఈడీ తగిలించి మీటరు పక్కన అంటించాను. చెయ్యి లివర్ మీద లేనప్పుడు అది వెలగకూడదు. ఆ ఎల్‌ఈడీని తీసేయలేదు, మఫ్ ఉన్నంత కాలం అదీ ఉంటుంది.

స్విచ్చులు కనిపించవు, అలవాటు కావాలి. నిలబడి, కళ్లు మూసుకుని ఇండికేటరు, హారను, డిమ్ము వేయడం సాధన చేయండి. హ్యాండిల్ రెండు చివర్లకూ తిప్పి మఫ్ ట్యాంకుకు తగలడం లేదని చూడండి.

ఇప్పుడు గ్లౌజు పల్చటిది చాలు. కణుపులకు రక్షణ ఉన్న వేసవి తోలు గ్లౌజు వేశాను, లివర్ స్పర్శ వెనక్కి వచ్చింది. గ్రిప్పులు ఎక్కువ మీద పెడితే పదిహేను నిమిషాల్లో చెమట. సిరీస్‌కు మార్చాను, ఆ తర్వాత ఎక్కువ వైపు వేయాల్సిన అవసరమే రాలేదు. దశ 2లో 36 వాట్లు చేయలేని పనిని ఇక్కడ 9 వాట్లు చేస్తున్నాయి. ఆగినప్పుడు స్విచ్ మార్చే తతంగమూ పోయింది, సిరీస్‌లో నిలబడ్డా 13.1 వోల్టులుంటున్నాయి.

ఖాతా: పొడిలో 24.1, వానలో 22.7. కరెంటు 0.68 ఆంపియర్లు.

దశ 6: ఛాతీ, మెడ

ఇది ముందే చేయాల్సిందని చదివేవాళ్లకు అనిపించొచ్చు. నిజమే, మీరు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. ఒళ్లు చల్లబడుతోందని తెలియగానే శరీరం కాళ్లూ చేతుల రక్తనాళాలను కుదించి, వేడిని గుండె చుట్టూ దాచుకుంటుంది. మఫ్ తీసేసి, గ్రిప్పులు ఆపి, దశ 1 గ్లౌజులతోనే, జాకెట్ కింద గాలి దూరని ఒక పొర, మెడకు గుడ్డ గొట్టం వేసి వెళ్లాను. 12.3 ఉన్నది 14.7 అయింది. చేతికి ఏమీ చేయకుండానే 2.4 డిగ్రీలు. బయల్దేరే ముందు సిగరెట్ కాల్చేవారికి ఇందులో కొంత తిరిగి పోతుంది, నికోటిన్ కూడా నాళాలను కుదిస్తుంది.

కొద్దిపాటి చలికే వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడి, తర్వాత నీలంగా, వెచ్చబడ్డాక ఎర్రగా మారేవాళ్లుంటారు. దాన్ని రేనాడ్స్ అంటారు. వాళ్లు ఈ డైరీతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

ఖాతా: అన్నీ కలిపి పొడిలో 25.8. కరెంటు 0.68.

మిగిలింది

బొటనవేలు. సెన్సరును అక్కడికి మార్చి చూస్తే మిగతా వేళ్లు 25 దగ్గరుండగా అది 17లోనే ఉంది. గ్రిప్పు కింది నుంచి చుట్టుకునే వేలు కాబట్టి పట్టీ వేడి దానికి సరిగా అందదు, పైగా మఫ్ మూతి వైపు ఉన్నది అదే. ఎడమ మూతికి లోపలి నుంచి పల్చటి ఫోము రెప్ప ఒకటి కుట్టాను. వేలు 18.9కి వచ్చింది గానీ, చెయ్యి బయటికి తీసేటప్పుడు రెప్ప గ్లౌజు వెల్క్రోకు అతుక్కుంటోంది. రెప్పను విప్పేశాను. వెల్క్రో లేని, బిగువు అంచున్న గ్లౌజు దొరికాక మళ్లీ కుట్టి కొలుస్తాను.